హనోయ్ వీధిలో స్టూలు వేసిన అమ్మకు

హనోయ్ పాతపేటలో చాలా వీధులకు సరుకుల పేర్లే. హాంగ్ బాక్ అంటే వెండి వీధి. ఆ మూల గట్టు మీద కూర్చుని, కావడిలో పళ్లు అమ్ముతున్నామెను గీస్తున్నాను. తుంపర మొదలైంది. నీటిరంగులాయె, బొమ్మలో ఆమె టోపీ కాస్తా గడ్డం మీదికి జారిపోయింది!

నూడుల్స్ బండి దగ్గరి పెద్దావిడ మీరు. చెయ్యి పట్టి టార్పాలిన్ పట్టా కిందికి లాగారు. జానెడెత్తు నీలం స్టూలు, వేడి టీ. అంతేనా, లేచి వెళ్లబోతున్న పళ్లామెను కేకేసి మరో పది నిమిషాలు నిలబెట్టారు. ఏం చెప్పారో మరి, ఇద్దరూ నన్ను చూసి ఒకటే నవ్వు.

టీ డబ్బులిస్తే తోసేశారు. మీ భాషలో థాంక్స్ చెబుదామని నేనన్న 'కామ్ ఎన్' మీకు అర్థమైందో లేదో! థాంక్సండీ అమ్మా. బొమ్మలో మీ స్టూలు కూడా ఉంది.