కోస్ట్‌గార్డ్ నాణెం వేస్తే, డబ్బు ఎవరికో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

2027 ఫిబ్రవరి 1కి మన కోస్ట్‌గార్డ్ (తీర రక్షక దళం) పుట్టి 50 ఏళ్లు నిండుతాయి. ఇలాంటి సందర్భాల్లో కేంద్రం స్మారక నాణెం తేవడం రివాజే. ఎన్‌సీసీకి 75 ఏళ్లయినప్పుడు, 2023 జనవరిలో, ప్రధాని 75 రూపాయల నాణెం విడుదల చేశారు. కాబట్టి కోస్ట్‌గార్డ్‌కూ ఒకటి వేయమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు. నాణేలు పోగుచేసే అలవాటున్న కాకినాడవాడిగా నా పట్టింపు వేరే ఉంది. ఆ నాణెం అమ్మగా వచ్చే డబ్బులో కొంత ఆ దళంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు చేరాలి. ఎంత చేరుతుందో ముందుగానే గెజిట్‌లో రాయాలి.

మన దేశంలో స్మారక నాణేనికి పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయనక్కర్లేదు. 2011 నాటి నాణేల చట్టం కింద ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఎన్టీఆర్ శతజయంతికి 100 రూపాయల నాణెం అలాగే వచ్చింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలయ్యాక హైదరాబాద్ మింట్ (ప్రభుత్వ నాణేల ముద్రణాలయం) కౌంటర్ల దగ్గర జనం ఎలా బారులు తీరారో తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి నాణేల నోటిఫికేషన్ చదివితే ముచ్చటేస్తుంది. వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, వెండి సగం, రాగి 40 శాతం, మిగతాది నికెల్, జింకు. అంచు మీద గీతలు 200 అని కూడా లెక్కపెట్టి రాస్తారు. ఎన్ని నాణేలు వేస్తారు, ఎంతకు అమ్ముతారు, ఆ సొమ్ము ఎటు పోతుంది అన్న మాట మాత్రం ఉండదు.

ఆ వంద రూపాయల ఎన్టీఆర్ నాణెం, దాన్ని పెట్టి ఇచ్చే పెట్టెను బట్టి, మింట్ దగ్గరే నాలుగు వేల రూపాయలకు పైనే పలికింది. అందులో ఉన్న వెండి పదిహేడున్నర గ్రాములు. ఆనాటి ధరకు లెక్కేస్తే నాణెం వెలలో సగం కూడా రాదు. మింట్ వాళ్ల పనితనానికి, పెట్టెకు, పన్నుకు ఖర్చవుతుంది, కాదనను. కొనేవాడు కూడా వెండి కోసం కొనడు, అభిమానంతో కొంటాడు. ఆ అభిమానం ఒక సినీ కథానాయకుడి మీదో నాయకుడి మీదో అయితే గొడవ లేదు. యూనిఫాం మీద అయినప్పుడు, నా డబ్బులో ఆ యూనిఫాంకు ఎంత చేరిందని అడిగే హక్కు కొన్నవాడికి ఉంటుంది.

అమెరికాలో ఈ పద్ధతి వేరు. అక్కడ ఒక్కో స్మారక నాణేనికి కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) ఒక్కో చట్టం చేయాలి. ఎన్ని వేయవచ్చో, ఒక్కోదాని మీద ఎంత అదనంగా వసూలు చేయాలో, అది ఏ సంస్థకు ఇవ్వాలో చట్టంలోనే ఉంటుంది. మెరైన్ కోర్ అనే సైనిక విభాగానికి 230 ఏళ్లయిన సందర్భంగా 2004లో చేసిన చట్టం ప్రకారం 2005లో వెండి డాలర్ వచ్చింది. మొదట పరిమితి 5 లక్షలు. గిరాకీ చూసి ఇంకో లక్ష పెంచారు. అన్నీ అమ్ముడుపోయాయి. నాణేనికి 10 డాలర్ల చొప్పున 60 లక్షల డాలర్లు క్వాంటికో దగ్గర మెరైన్ల మ్యూజియం కోసం కేటాయించినట్టయింది. 2011లో ఆర్మీ పేరిట బంగారు, వెండి, అర డాలర్ నాణేలు వేసి వరసగా 35, 10, 5 డాలర్లు చేర్చారు. అవి అనుమతించినన్ని అమ్ముడుపోలేదు. అంటే సైన్యం పేరు పెట్టినంత మాత్రాన కొంటారన్న భరోసా లేదన్నమాట.

నాకు నచ్చింది 1996లో వాళ్లు తెచ్చిన సంస్కరణ. అంతకుముందు కాంగ్రెస్ సభ్యులు తలో నాణెం అడగడం, అట్లాంటా ఒలింపిక్స్ పేరు మీదే 16 రకాలు రావడం, సేకరించేవాళ్లు విసిగిపోవడం జరిగాయి. 1999 నుంచి ఏడాదికి రెండు సందర్భాలకే నాణేలు అని గిరి గీశారు. మింట్ ఖర్చు వెనక్కి వచ్చాకే సంస్థకు డబ్బు ఇస్తారు. అదీ ఆ సంస్థ అంతే మొత్తం ప్రైవేటు విరాళాలు సేకరించి చూపిస్తేనే. లెక్కలు ఆడిట్ చేయించాలి. మన దగ్గర ఏడాదిలో ఎన్ని స్మారక నాణేలు వస్తున్నాయో మాలాంటి వాళ్ల జేబులకే తెలుసు. ఆ రెండు పరిమితి ఇక్కడా పెడితే నేనైతే చప్పట్లు కొడతాను.

సంక్షేమం బడ్జెట్ పని, నాణేలు అమ్మి చేయడమేమిటని కొందరంటారు. నిజమే, పెన్షను, పరిహారం ఖజానా నుంచే రావాలి. ఉదాహరణకు ఒక్కో నాణేనికి 500 రూపాయల చొప్పున పన్నెండు వేల నాణేల మీద వచ్చేది 60 లక్షలే. దాంతో ఎవరి బతుకూ మారిపోదు గానీ కొందరు పిల్లల కాలేజీ ఫీజులకు సరిపోతుంది. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి మనం జెండా బిళ్ల కొని డబ్బిస్తున్నాం కదా, అప్పుడు రాని అభ్యంతరం ఇక్కడెందుకు?

కోస్ట్‌గార్డ్ గురించి రెండు మాటలు. 1977లో నౌకాదళం ఇచ్చిన రెండు చిన్న యుద్ధనౌకలు, అయిదు గస్తీ పడవలతో స్మగ్లింగు అడ్డుకోవడానికి మొదలైన దళం అది. మా తీరంలో దాన్ని ఎరిగినవాళ్లు చేపల వేటకు బోట్లు నడిపే సరంగులే. తుపాను వస్తోందంటే ఆ దళం గస్తీ విమానం డోర్నియర్ బోట్ల మీదుగా తిరుగుతూ వెనక్కి వెళ్లమని రేడియోలో చెబుతుంది. 2024 సెప్టెంబరులో పోర్‌బందర్ దగ్గర హరి లీలా అనే ట్యాంకర్‌లో గాయపడిన మనిషిని తేవడానికి రాత్రివేళ వెళ్లిన హెలికాప్టర్ సముద్రంలో పడి ముగ్గురు పోయారు. నాలుగు నెలలు దాటాయో లేదో, 2025 జనవరి 5న, అదే పోర్‌బందర్ విమానాశ్రయంలో ఇంకో హెలికాప్టర్ కూలి మరో ముగ్గురు చనిపోయారు. వెండి నాణెం మీద చేర్చే సొమ్ము ఇలాంటి ఇళ్ల పిల్లల చదువుకని పేరు పెట్టి రాయాలి. నిబంధనల్లో అందుకు చోటు లేదంటే చిన్న సవరణ చేయవచ్చు.

ఇంకో మాట. నాలుగు వేలు పెట్టే స్తోమత ఉప్పాడ మత్స్యకారుడికి ఎక్కడిది? 1965 యుద్ధ స్వర్ణోత్సవానికి 2015లో 5 రూపాయల నాణెం వేశారు. అమర జవాన్ బొమ్మతో చిల్లరలో చేతికొచ్చేది. వెండిదానితో పాటు కోస్ట్‌గార్డ్ బొమ్మతో అలాంటి 5 రూపాయలదో 10 రూపాయలదో కూడా వేయాలి. నమూనా ఖరారై, నోటిఫికేషన్ వెలువడి, అచ్చు కావడానికి నెలలు పడుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు ఎంపీలు ఆర్థిక శాఖను ఇప్పుడే ఒక ప్రశ్న అడిగితే ఫైలు కదులుతుంది.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త,
కాకినాడ