ఇంటి అంచు, సంఘం అంచు

పొందూరు,
ఆదివారం

బుజ్జమ్మా,

మొన్న ఆస్ట్రేలియా నుంచి ఫోను చేసి అరగంట సేపు ఆ జెర్సీ గొడవే చెప్పావు, మీ పోర్ట్ అడిలైడ్ ఫుట్‌బాల్ జట్టును వాళ్ల పాత చారల జెర్సీ ప్రతి వారం వేసుకోనివ్వకపోవడం అన్యాయమని. నేను ఊ కొట్టడమే గానీ ఒక్క మాట పూర్తిగా చెప్పనిచ్చావా? అందుకే కాగితం మీద రాసి, తమ్ముడి చేత ఫొటో తీయించి పంపిస్తున్నాను. కాగితానికైతే నువ్వు అడ్డు తగల్లేవు.

ఫుట్‌బాల్ అన్నావు కదా అని మన హైస్కూలు గ్రౌండులో ఆడే ఆటే అనుకున్నాను. తమ్ముడు వీడియో పెట్టి చూపిస్తే ఇదేదో ఆస్ట్రేలియావాళ్ల వేరే వ్యవహారం. కోడిగుడ్డులాంటి బంతి, జట్టుకు పద్దెనిమిది మంది, ఒక్కో వైపు నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, కాస్త గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు. గురి తప్పినవాడికి కూడా కూలి ఇచ్చే ఆట ఇదొక్కటే చూశాను. ఇక ఆడేది అడిలైడ్ ఓవల్ అనగానే నాకు 36 గుర్తొచ్చింది. 2020 డిసెంబరులో క్రికెట్ టెస్టులో మనవాళ్లు 36కి ఆలౌటయింది అక్కడే కదా, ఆ రోజు మీ చిన్నాన్న అన్నం తినలేదు. మీ పోర్ట్ అడిలైడ్ వాళ్లు దక్షిణ ఆస్ట్రేలియా లీగులో గెలిచిన టైటిళ్లు కూడా 36 అని నువ్వంటే నవ్వొచ్చింది. అదే అంకె మనకు తలవంపు, వాళ్లకు తలపాగా.

సరే, గొడవకొస్తాను. నువ్వు చెప్పినవీ, తమ్ముడు వెతికి చదివి వినిపించినవీ కలిపితే నాకు అర్థమైంది ఇది. పోర్ట్ అడిలైడ్ క్లబ్బు పుట్టింది 1870లో, రేవులో. అక్కడ ఓడల సరుకు దించే కూలీల పేట అది, మన కళింగపట్నం రేవు బతికున్న రోజుల్లో ఉన్నట్టు. నలుపు తెలుపు నిలువు చారల బనీను వాళ్లది. రేవులో ఓడలను కట్టేసే చెక్క స్తంభాలని కొందరు, జైలు ఊచలని కొందరు ఆ చారలకు పేరు పెట్టారు. జైలు ఊచల పేరే నిలిచింది. మంచి పేరుకన్నా వెటకారం పేరుకే ఆయుష్షెక్కువ, మన వీధిలో చూడటం లేదూ?

అయితే నన్ను కట్టి పడేసింది వేరే సంగతి. 1902కు ముందు వాళ్ల రంగులు నలుపూ తెలుపూ కాదట. మెజెంటా, నీలం. మెజెంటా అంటే మనం రాణీ రంగు అంటామే, అది. ఆ రెండు రంగులూ గుడ్డ మీద నిలిచేవి దొరక్క, విసుగెత్తి నలుపు తెలుపులోకి మారారట. అది విన్నప్పటి నుంచీ వాళ్లు నాకు మనవాళ్లలాగే అనిపిస్తున్నారు. రాణీ రంగు నూలు ఉతికిన బకెట్లో మీ అమ్మ తెల్ల జాకెట్టు ఏమైందో, నేను ఎన్ని రోజులు మాటలు పడ్డానో నీకు తెలుసు. నువ్వేమో ఆ చారలు దేవుడిచ్చిన వరంలా మాట్లాడుతున్నావు. అవి చాకిరేవు దగ్గర పుట్టినవి, బుజ్జమ్మా. దానివల్ల వాటి విలువ తగ్గిందనడం లేదు. నూట ఇరవై ఏళ్లు దాటి ఒక పేట మొత్తం ఒంటిమీద వేసుకున్న గుడ్డ అది. నా లెక్కలో ఇంకా పెరిగింది.

ఇప్పుడు అటువైపు. మెల్‌బోర్న్‌లో కాలింగ్‌వుడ్ అనే క్లబ్బు 1892 నుంచీ ఉంది. పోర్ట్ లాగే వాళ్లదీ నలుపు తెలుపే, వాళ్లదీ మాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట పేరే. వేరువేరు రాష్ట్రాల్లో వేరువేరు లీగులు ఆడినంత కాలం ఎవరి పిట్ట వారిది. 1990లో పోర్ట్ వాళ్లు దేశం మొత్తానికీ ఉన్న పెద్ద లీగులోకి వెళ్లబోతే సొంత రాష్ట్రంలోని తోటి క్లబ్బులే అడ్డుపడి, అందరి తరఫునా అడిలైడ్ పేరుతో ఇంకో జట్టును ముందు పంపించాయి. పోర్ట్‌కు 1997 దాకా తలుపు తెరుచుకోలేదు. తెరిచాక అక్కడ కాలింగ్‌వుడ్ కూర్చుని ఉంది. పిట్ట పేరూ వద్దు, చారలూ వద్దు అన్నారు. వీళ్లు పవర్ అని కొత్త పేరు పెట్టుకుని, నలుపు తెలుపులకు నెమలికంఠం రంగూ వెండి రంగూ కలుపుకుని లోపలికి వెళ్లారు.

నువ్వు దీన్ని అన్యాయం అంటున్నావు. మీ తాత సంగతి చెబుతాను, విను.

తాత నేసే ధోవతులకు సొంత అంచు ఒకటుండేది. రెండు సన్న ఎర్రగీతల మధ్య రుద్రాక్ష గింజలు, గింజకూ గింజకూ నడుమ ఒక్క పోగు ఖాళీ. ఆ ఖాళీ పోగే తాత సంతకం. చీకట్లో తడిమి కూడా ఇది మనింటి ధోవతి అని చెప్పేవాడు. నాయనమ్మ వాలుగ చేప దవడతో దూది దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద వడికిన నూలది. ఇంటికొచ్చినవాళ్లకు ఆ దవడ చూపించి చేప పళ్లతో పత్తి దువ్వుతాం అంటే నమ్మేవాళ్లు కాదు.

తర్వాత నేతగాళ్ల సంఘంలో చేరాడు. చేరితే నూలు వాళ్లిస్తారు, కూలి వారం వారం వస్తుంది, గుడ్డ అమ్ముకునే బెంగ ఉండదు. కాకపోతే అంచు వాళ్లు చెప్పిందే నెయ్యాలి. అప్పటికే ఇంకో ఇంటివాళ్లు రుద్రాక్ష అంచు నేస్తున్నారు, వాళ్లు సంఘంలో ముందు చేరినవాళ్లు. తాత రెండు రోజులు మగ్గం గుంటలోకి దిగలేదట. మూడో రోజు దిగి, చెప్పిన అంచే నేశాడు. ఇంట్లో నలుగురు పిల్లలం. ఆకలి మీద పెట్టిన సంతకం కూడా సంతకమే అనేవాడు. ఆ మాట ఎంతవరకు సబబో నాకు ఇప్పటికీ తేలలేదు.

కానీ ఇంట్లో శుభకార్యమైతే మాత్రం పాత అంచే నేసేవాడు. పెద్దత్త పెళ్లికి, మా పెళ్లికి, నీ అన్నప్రాశనకు. సంఘం పెద్దలు భోజనాలకొచ్చి, చూసి, చూడనట్టు పప్పులో నెయ్యి వేయించుకునేవాళ్లు. అదెవరూ కాగితం మీద రాసుకోలేదు.

నేనొక వెధవ పని చేశాను, నీకెప్పుడూ చెప్పలేదు. పందొమ్మిదేళ్లప్పుడు, పౌరుషం పొడుచుకొచ్చి, సంఘానికి నేసే తానులో తాత అంచు ఎక్కించేశాను. తాను తిరిగొచ్చింది. కూలి పోయింది, నూలు ఖరీదు కట్టాల్సొచ్చింది. తాత తిట్టలేదు. ఆ తానంతా తడిమి చూసి, "ఖాళీ పోగు మర్చిపోయావురా" అన్నాడు. అంతే. ఆ తాను ఇంట్లోనే తువ్వాళ్లయింది.

అందుకే 2021 సంగతి తమ్ముడు చదువుతుంటే మళ్లీ చదవమన్నాను. ఊరి పోటీ, షోడౌన్ అంటారట, ఇటు పోర్ట్ అటు అడిలైడ్. ఆ మ్యాచ్‌కు చారల జెర్సీ వేస్తే పాయింట్లు కోస్తామని లీగు బెదిరించింది. వీళ్లు మామూలు జెర్సీతో ఆడి, గెలిచి, లోపలికెళ్లి బట్టలు మార్చుకుని, ఆ చారలతోనే తమ పాట పాడుకున్నారు. బయట మాట తప్పలేదు, లోపల మనసు చంపుకోలేదు. పందొమ్మిదేళ్లప్పుడు నాకా బుద్ధి లేకపోయింది.

లీగు ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి కదా. 2014లో రిచ్‌మండ్‌తో నాకౌట్ మ్యాచ్‌లో రెండు జట్ల రంగులూ కలిసిపోతున్నాయని వేరే జెర్సీ వెయ్యాల్సొస్తే, చారలు అడిగి తెచ్చుకుని 57 పాయింట్ల తేడాతో గెలిచారు. 2020లో నూట యాభై ఏళ్ల పండగకు షోడౌన్‌లో వేసుకున్నారు. 2023లో మళ్లీ షోడౌన్‌కు సరేనన్నారు. ఎప్పుడు వేసుకున్నా కాలింగ్‌వుడ్ మీద ఆడటానికి కాదు, చూశావా? ఎదురెదురుగా రెండు నలుపు తెలుపులు నిలబడి అంపైరు తికమకపడే పరిస్థితి రానే లేదు. మరి కాలింగ్‌వుడ్‌కు ఎందుకంత కడుపుమంట అని నువ్వడిగావు.

ఆ మంట నాకు కొంచెం తెలుసు. మిల్లు గుడ్డ మీద పొందూరు అని చీటీ అంటించి సగం ధరకు అమ్ముతుంటే చూసి, ఆ రాత్రి నిద్రపోలేదు నేను. పేరు పోతే మళ్లీ నేసుకోలేం. కాలింగ్‌వుడ్‌వాళ్ల భయం అలాంటిదే అయ్యుంటుంది. ఇవాళ ఒక మ్యాచ్, రేపు పది, ఎల్లుండి బజారులో జెర్సీ కొనే పిల్లాడికి ఏది ఎవరిదో తెలియదు. కానీ ఒక తేడా ఉంది, దాన్ని వాళ్లు చూడటం లేదు. చీటీ అంటించినవాడు దొంగ. పోర్ట్ వాళ్లు చీటీ అంటించుకోలేదు, వాళ్ల గుడ్డ వాళ్లే నేసుకున్నారు. రెండిళ్లలో ఒకే అంచు పుడితే దొంగతనం అనరు.

కాబట్టి నా లెక్క ఇది. ఊరి పోటీకి చారలు వేసుకోవడం పోర్ట్ హక్కు. దానికి ఇన్నాళ్లూ మెల్‌బోర్న్‌ను బతిమాలుకోవాల్సి రావడం నాకు నచ్చలేదు, ఇంట్లో పెళ్లికి వీధిని పర్మిషన్ అడిగినట్టుంది. కానీ నువ్వంటున్నట్టు ప్రతి వారం, ప్రతి ఊళ్లో వేసుకుంటాం అంటే మాత్రం నేను నీ వైపు లేను. సంతకం పెట్టి చేరారు. ఆకలి మీద పెట్టినా సరే, ఆ కూలి మీదే ఇన్నాళ్లు బతికారు, 2004లో పెద్ద కప్పు కూడా గెలిచారు. అప్పుడు ఒంటిమీదున్నది నెమలికంఠం రంగే కదా. ఆ ఏడు పుట్టి, ఆ రంగు చూస్తూ పెరిగిన పిల్లలకు అదే పాత రంగు. వాళ్లనేం చేస్తావు?

ఇక నీతో కలిసి ఉంటున్న ఆ కేరళ అమ్మాయి. మెల్‌బోర్న్‌లో చదువుకుని కాలింగ్‌వుడ్ అభిమాని అయిపోయింది, సరే. నీకు జ్వరమొస్తే నైట్ డ్యూటీ చేసొచ్చి గంజి కాచింది ఆ పిల్లే. దాన్ని "రంగుల దొంగ" అన్నావట, నాలుగు రోజులుగా వంట వేరుగా చేసుకుంటున్నారట. ఒకే స్టవ్వు మీద రెండు చారులు కాయడానికి గ్యాసు ఎవరు కడుతున్నారు? పోర్ట్ అడిలైడా? ముందు నువ్వే మాట్లాడు. ఆటలో కాదు, మాటలో తప్పు నీది.

మీ అమ్మ ఆవకాయ పంపుతానంటోంది. పెద్దమ్మ కొడుకు వచ్చే నెల వస్తున్నాడు కదా, వాడి చేత. విమానం దిగేటప్పుడు ఇచ్చే కార్డులో ఆవకాయ ఉందని తప్పకుండా రాయమను, దాచొద్దు, అక్కడ గట్టిగా చూస్తారని నువ్వే చెప్పావు. సీసాలు రెండు. ఒకటి ఆ పిల్లది, కారం తక్కువ.

ఇంకొకటి. ఆ చారల జెర్సీ ఏ గుడ్డో నువ్వు చెప్పలేదు. వీడియోలో చూస్తే పాలిస్టర్‌లా మెరుస్తోంది. 1902లోది ఉన్నిదో, నూలుదో, నేతలోనే చార వచ్చిందో, తర్వాత అతికించి కుట్టారో తెలుసుకోవాలని ఉంది. మ్యూజియం లాంటిది ఉంటే వెళ్లి, అద్దం ఉన్నా సరే, చారకూ చారకూ మధ్య దగ్గరగా ఫొటో తియ్యి. కొత్తది కొని పంపకు, డబ్బు దండగ.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఇప్పుడు మీకు మాకు నాలుగు గంటల తేడా కదా, నీకు సాయంత్రం ఏడంటే నాకు మూడు. అప్పటికి మగ్గం దిగి ఉంటాను.

మీ నాన్న