ఈ సంక్రాంతికి మా దగ్గర రంగుల క్యాబేజీ లేదు

ఏటా మా నర్సరీకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈసారి అందానికి పెట్టుకునే రంగుల క్యాబేజీ, కేల్ (క్యాబేజీ జాతి ఆకు మొక్క) కుండీలు ఇవ్వలేకపోతున్నాం. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఫోన్లు చేస్తున్నాం. అయినా మీరంతా మా మీద నమ్మకంతో ముందే చెప్పిపెట్టుకునేవాళ్లు, అసలు ఏం జరిగిందో నా నుంచే తెలియాలి.

శామీర్‌పేట వైపు ఉన్న మా షెడ్డుకు అక్టోబర్ మొదట్లోనే ట్రే నారు దిగాలి. పంపాల్సిన ఆయన 'రేపు లోడ్ చేస్తాం సార్' అంటూ నెలంతా నెట్టుకొచ్చాడు. చివరికి నవంబర్ సగమయ్యాక ట్రేలు వచ్చాయి. ఒక మొక్కను పైకి లాగి చూశాను. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకు తిరిగి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) చుట్టూ తాడు పేనినట్టు చుట్టుకుపోయాయి. కాండం సన్నగా సాగి పక్కకు వాలింది, కింది ఆకులు పసుపెక్కాయి. నారు పూర్తిగా ముదిరిపోయింది. అడిగితే 'నాటండి సార్, అదే లేస్తుంది' అన్నాడు. ఇన్నేళ్లుగా మట్టిలో చేతులు పెట్టి బతుకుతున్నవాడితో అనే మాటేనా అది?

ఈ మొక్క వెచ్చదనంలో ఒళ్లు చేస్తుంది, చలిలో రంగు తిరుగుతుంది. రాత్రిళ్లు 15 డిగ్రీల లోపుకు దిగి, ఆ చలి రెండు మూడు వారాలు నిలిస్తే నడిమి ఆకుల్లో పచ్చదనం తగ్గి తెలుపు, గులాబీ, వంగపండు రంగు తేలతాయి. చలి ముదిరాక మొక్క పెద్దగా పెరగదు. యూరియా వేసి లేపుదామంటే ఆకు పచ్చగా ఏపుగా వస్తుంది, రంగు మాత్రం రాదు. అందుకే రంగు మొదలవగానే మేం నత్రజని ఆపేస్తాం. ముదిరిన నారుకు ఒళ్లు చేసే కాలమే దాటిపోయింది. అంతా పెంటకుప్పలో వేశాం.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే సంగతి. రంగు తిరిగిన కుండీలు బయటి నుంచి తెచ్చి మా పేరుతో ఇవ్వొచ్చు. చాలామంది చేసేది అదే. ఇంట్లో కూడా 'ఈ ఒక్క ఏడాదికే కదండీ' అన్నారు. నేనూ మెత్తబడి శాంపిల్ తెప్పించాను. చూడటానికి ఎంతో బాగున్నాయి. ఆకు తిప్పితే డైమండ్ రెక్కల పురుగు (క్యాబేజీ ఆకులు తినే గొంగళి) కొట్టిన సన్న చిల్లులు, దగ్గరికి తీసుకుంటే మందు వాసన. ఏం మందు కొట్టారో అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేదు. మీలో కొందరు ఈ ఆకులను భోజనం పళ్లెం అలంకరణకు వాడతారు, ఇళ్లలో పసిపిల్లలు ఉన్నారు. మా చేతిలో పెరగని మొక్కకు నేనెలా పూచీ పడను? లోడ్ వద్దన్నాను. డబ్బు పోయిందనే బాధ కంటే, జపాన్‌లో కొత్త సంవత్సరానికి గుమ్మం ముందు పెట్టే ఈ మొక్కను మీ సంక్రాంతి ముగ్గు పక్కకు చేర్చింది మేమేనన్న గర్వం నాకు ఎక్కువ. అది పోగొట్టుకోను.

వచ్చే ఏడాది నుంచి ఈ నారు ఎవరి దగ్గరా కొనం. ఎవరెన్ని చెప్పినా సరే. విత్తనం తెప్పించి ఆగస్టు చివర్లో మా షేడ్‌నెట్ కిందే పోస్తాం. కాండం సాగకుండా, కింది ఆకుల దాకా మట్టి ఎగదోసి మేమే కుండీలకు మారుస్తాం.

అడ్వాన్స్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, లేదా మేమే పెంచిన చామంతి, పిటూనియా, డయాంథస్‌లో ఏదైనా ఎంచుకోవచ్చు. రసీదు పోయినా ఫర్వాలేదు, మా పుస్తకంలో అందరి పేర్లూ ఉన్నాయి.