ఫాలో కమ్మన్నారు సరే, వాళ్లకు డబ్బులిచ్చేదెవరో రాయలేదేం?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం కాక అంతకు ముందు ఆదివారం, మీ ప్రాపర్టీ పేజీలో 'ఇల్లు కొనేవారు సోషల్ మీడియాలో తప్పక ఫాలో కావాల్సిన రియల్ ఎస్టేట్ గొంతులు' అంటూ ఫొటోలతో సహా ఒక జాబితా వేశారు. దాని మీద ఎవరో ఒకరు రాస్తారులే అని ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు, లేదా రాసినా మీరు వేయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఒక్కొక్కరికి ఎన్ని లక్షల మంది ఫాలోయర్లున్నారో రాశారు. ఏ కెమెరాతో వీడియో తీస్తారో, రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారో అదీ రాశారు. వీళ్లలో బిల్డరు దగ్గర డబ్బు తీసుకుని మాట్లాడేదెవరు, తీసుకోకుండా మాట్లాడేదెవరు అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. జీవితాంతం ఈఎంఐలు కట్టబోయేవాడికి కావాల్సింది ఆ ముక్కే కదండీ!

నేను బ్యాంకులో హౌసింగ్ లోన్ ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మీరు చెప్పినవాళ్ల వీడియోలు వరుసగా పెట్టుకుని చూశాను. మచ్చుకు ఒకటి చెప్తాను. డ్రోన్ పైకి లేస్తుంది. కింద ఎర్రమట్టి రోడ్లు, వరసగా పాతిన తెల్లరాళ్లు, ఈ మధ్యే తెచ్చి నాటిన ఈత చెట్లు. "రీజనల్ రింగ్ రోడ్డుకి ఆనుకునే ఉందండీ" అంటాడు నల్ల కళ్లద్దాల కుర్రాడు, హైదరాబాద్ చుట్టూ వేస్తామంటున్న రోడ్డు గురించి. ఆ రోడ్డు ఇంకా పూర్తి కాలేదన్న సంగతి ఆయనకు అనవసరం. వెంచర్ బోర్డు ఒక్క క్షణం కనబడింది. వీడియో ఆపి చూస్తే సర్వే నంబరు పక్కన 'పార్ట్' అని ఉంది. అంటే ఆ సర్వే నంబరులో ఒక ముక్కే వీళ్లది. మరి మిగతాది ఎవరిది? పక్క రైతుదా, ప్రభుత్వానిదా, చెరువు శిఖమా (చెరువు అడుగు భూమా)? రాళ్లు పాతింది వీళ్ల ముక్కలోనేనా? బ్యాంకుకు ఫైలొస్తే మేం మొట్టమొదట వేలు పెట్టే చోటు అదే. కుర్రాడు దాని ఊసెత్తకుండా క్లబ్ హౌస్ దగ్గరకు వెళ్లిపోయాడు. అదీ కట్టలేదు, గ్రాఫిక్సే. 'అప్రూవ్డ్ లేఅవుట్' అని మూడుసార్లు అన్నాడు గానీ, టెంటేటివ్ (తాత్కాలిక) అప్రూవలా, ఫైనలా అన్నది చెప్పలేదు. రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేసేదాకా కొన్ని ప్లాట్లు లేఅవుట్‌కు అనుమతిచ్చే అథారిటీ దగ్గర తనఖాలో ఉంటాయి. ఆ తనఖా ప్లాట్లనే తెలియక కొన్నవాళ్ల కాగితాలు నా టేబుల్ మీదకు వచ్చాయి. వాళ్లకు లోన్ లేదని చెప్పడం నా డ్యూటీ. డబ్బు ఎప్పుడో కట్టేశాం సార్ అని చెప్పుకోవడం వాళ్ల ఖర్మ.

ఇక రెరా నంబరు. అది ఉంది, లేదనను. చివర్లో తెల్లగోడ మీద తెల్ల అక్షరాల్లో, 'కాల్ చేయండి' అన్న పెద్ద నంబరు కింద ఉంది. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లో వచ్చింది, పూర్తిగా అమల్లోకి వచ్చింది 2017 మే 1న. ప్రకటనలో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు, రెరా అథారిటీ వెబ్‌సైట్ చిరునామా ప్రముఖంగా కనబడాలని సెక్షన్ 11 చెబుతోంది. ప్రముఖంగా అంటే భూతద్దం పెట్టుకుంటే కనబడేట్టు అని వీళ్లకు ఎవరు చెప్పారో!

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది, మీ విలేకరి దాని జోలికే పోలేదు. ఆ చట్టంలో ఏజెంటు అంటే ఎవరో సెక్షన్ 2లో రాసి ఉంది. కమీషన్ పుస్తకం పట్టుకుని తిరిగే బ్రోకరు ఒక్కడే కాదు. ఏ మాధ్యమం ద్వారా అయినా సరే, కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ బేరానికి కలిపి ఫీజో కమీషనో తీసుకునే ప్రతివాడూ ఏజెంటే, వాడు తనను తాను ఏ పేరుతో పిలుచుకున్నా సరే. నా బుద్ధికి తోచినంతవరకు, వీడియో కింద ఫోన్ నంబరు పెట్టి, వచ్చిన కాల్స్ బిల్డరుకు అందించి డబ్బు తీసుకునేవాడు ఆ మాట కిందకే వస్తాడు. సెక్షన్ 9 ప్రకారం అతను రెరాలో రిజిస్టర్ చేసుకోవాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదని సెక్షన్ 10 అంటుంది. తప్పితే రోజుకు పది వేలు జరిమానా, అది ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పోవచ్చు. మీ జాబితాలో రెరా ఏజెంటు నంబరు ఉన్నవాళ్లు ఎవరో చెప్పగలరా? పేరు ముందు 'ప్రాపర్టీ గురు' అని ఉంటే సరిపోతుందా?

ఇక ప్రీ లాంచ్ ఆఫర్లు, అంటే రెరా రిజిస్ట్రేషన్ కూడా కాకముందే అమ్మేయడం. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఎంతమంది వీటిలో మునిగారో మీ పేపరే ఎన్నోసార్లు రాసింది. మొత్తం సొమ్ము ఒకేసారి కట్టు, సగం ధరకే ఫ్లాట్, ఈలోపు యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) రిజిస్ట్రేషన్. రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడమే తప్పని సెక్షన్ 3 అంటుంటే, అగ్రిమెంటు రాసుకోకుండా పది శాతానికి మించి తీసుకోవద్దని సెక్షన్ 13 అంటుంటే, నూటికి నూరు శాతం ముందే కట్టమని కెమెరా ముందు నవ్వుతూ చెబుతున్నారు! అదే నోళ్లు 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్‌డోజర్లు వచ్చాక ఒక్కసారిగా జ్ఞానులైపోయాయి. నిన్నటిదాకా 'లేక్ వ్యూ' అని అమ్మినవాళ్లు మర్నాటి నుంచి 'ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటి, బఫర్ జోన్ అంటే ఏమిటి' అని క్లాసులు పీకారు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అది ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ కట్టడాలు కూడని పట్టీ బఫర్ జోన్. పాత వీడియోలు ఏమయ్యాయో మాత్రం అడక్కూడదు.

ఇదంతా ఆపడానికి చట్టాలు లేవా అంటే బోలెడున్నాయి. సొమ్ము తీసుకుని చెప్పే మాటకు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని, వీడియో అయితే తెర మీదా మాటలోనూ ఉండాలని, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలోనే చెప్పింది. తప్పుదారి పట్టించే ప్రకటనలో నోరు కలిపినవాడికి పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చని 2019 వినియోగదారుల చట్టం అంటోంది. షేర్ల సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో కళ్లెం వేసింది. ప్లాట్ల సలహాలిచ్చేవాళ్లను మాత్రం ఊరి మీద వదిలేశారు. మహారాష్ట్రలో 2023 ఆగస్టు నుంచి ప్రతి రియల్ ఎస్టేట్ ప్రకటనలో క్యూఆర్ కోడ్ ఉండాల్సిందే, ఫోన్ చూపిస్తే ప్రాజెక్టు కాగితాలు బయటపడతాయి. మన దగ్గర అధికారులు మాత్రం ఫిర్యాదు వస్తే చూస్తాం అంటారు. ఫిర్యాదు చేయాలంటే ముందు మోసపోవాలి కదా! రీల్స్ చూడటానికి పెద్ద స్టాఫ్ ఏం అక్కర్లేదు, ఆఫీసులో ఎలాగూ అందరూ ఫోన్లే చూస్తున్నారు.

అధికారులదాకా ఎందుకు, మీ సంగతీ చెప్పాలి. ఆ జాబితా వచ్చిన రోజే మీ మొదటి పేజీ కనబడకుండా ఒక టవర్ల ప్రకటన కప్పేసింది. దాని మీద రెరా నంబరు చదవడానికి నేను కిటికీ దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. అడుగున 'చిత్రాలు ఊహాజనితం' అని ఇంకా చిన్న అక్షరాలు. లోపలి పేజీలో ఆ బిల్డరు ఇంటర్వ్యూ, వార్తలాగే అచ్చయింది. ఒకప్పుడు డబ్బు తీసుకుని వేసినదాని నెత్తిన 'ప్రకటన' అని వేసేవారు. ఇప్పుడు ఆ మాట మీ దగ్గరా అరుదైపోయింది. కుర్రాళ్లను అని ఏం లాభం, దారి చూపింది పెద్ద పత్రికలూ టీవీ చానళ్లూనే.

సోషల్ మీడియాలో వినదగ్గ గొంతులే లేవని నేను అనను. ఒక లాయరు గారు ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయడం, లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకం కాగితాలు) ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో చూడటం, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో సర్వే నంబరు వెతకడం ఓపిగ్గా చెబుతున్నారు. ఒక సివిల్ ఇంజినీరమ్మాయి మెట్లు, వరండాల్లో వాటా కూడా కలిపి లెక్కేసే సూపర్ బిల్టప్ ఏరియా ఎంత, దాన్లో మనం కాలుపెట్టే కార్పెట్ ఏరియా ఎంత అని టేపు పెట్టి కొలిచి చూపిస్తోంది. వీళ్ల వీడియోల్లో డ్రోన్ లేదు, మ్యూజిక్ లేదు, అందుకే కాబోలు మీ జాబితాలోనూ లేరు. ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి నేను ఒకటే చూస్తాను. ఈ మనిషి ఎప్పుడైనా, ఏ ప్రాజెక్టు గురించైనా 'ఇది కొనొద్దు' అన్నాడా? అన్నీ బంగారమే, అన్నీ రెండేళ్లలో డబుల్, అన్నిటికీ 'ఇదే ఆఖరి ఛాన్స్' అనేవాణ్ణి ఫాలో కావడం దేనికి, వాడే మన వెంటపడి వస్తాడు.

వచ్చే నెల రెండో భాగం వేస్తామని కింద రాశారు. వేయండి, కాదనను. ప్రతి పేరు ఎదురుగా రెండు గళ్లు పెట్టండి చాలు. ఒకదాన్లో రెరా ఏజెంటు నంబరు, రెండోదాన్లో ఈ ఏడాది డబ్బు తీసుకుని చెప్పిన ప్రాజెక్టుల పేర్లు. చెప్పనన్నవాళ్లకు 'చెప్పలేదు' అని అచ్చేయండి. పేజీలో అంత చోటు లేదంటారా, ఆ ఫాలోయర్ల లెక్క తీసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
మీ పాత చందాదారు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి