ఎంజీబీఎస్ దాటి రాని మెట్రో

సంపాదకుడికి నమస్కారం.

మాది పాతబస్తీలోని లాల్‌దర్వాజ. ఆషాఢంలో బోనాల ఆదివారం మా గల్లీలన్నీ టీవీల్లో కనిపిస్తాయి. అంతకు వారం ముందే గుంతలు పూడుస్తారు, వీధి దీపాలు బాగుచేస్తారు. ఘటాల ఊరేగింపు అయిపోయాక మళ్లీ ఆషాఢం వచ్చేదాకా మా ఊసెత్తేవాళ్లు ఉండరు.

మా అమ్మాయికి రాయదుర్గంలో ఉద్యోగం. పొద్దున షేర్ ఆటోలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా పోయి మెట్రో ఎక్కుతుంది, అమీర్‌పేటలో రైలు మారుతుంది. వెళ్లడం ఎలాగో అయిపోతుంది. రాత్రి తొమ్మిది దాటాక తిరిగి రావడమే కష్టం. ఫోన్‌లో బుక్ చేస్తే, లాల్‌దర్వాజ అని చూసి ఆటోవాళ్లు క్యాన్సిల్ చేస్తారు. రోడ్డు మీద అడిగితే ‘పాతబస్తీ నై ఆతా’ అంటారు. రోజూ నేనే స్కూటర్ మీద పోయి తీసుకొస్తాను. మా పక్కింటి పిల్లకు అలా తీసుకొచ్చేవాళ్లు లేరు. మంచి ఉద్యోగం మానేసి, ఇంటికి దగ్గరని ఒక బట్టల దుకాణంలో సగం జీతానికి చేరింది. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

నిజానికి ఎంజీబీఎస్ నుంచి మా వైపు వచ్చే దారి మెట్రో మొదటి ప్లానులోనే ఉంది. రెండో కారిడార్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా దాకా. 2020 ఫిబ్రవరి 7న ఎంజీబీఎస్ వరకు 11 కిలోమీటర్లు ప్రారంభించారు. మిగిలిన ఐదున్నర కిలోమీటర్లు అలాగే ఉండిపోయాయి. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు ఇరుకు, దారి పొడవునా గుళ్లు, మసీదులు, మొహర్రంలో పీర్లు నిలిపే ఆషుర్‌ఖానాలు. పని కష్టమేనని ఒప్పుకుంటాను. కానీ సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఏళ్ల తరబడి వద్దన్నా అక్కడ పిల్లర్లు లేచాయి కదా!

2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఫలక్‌నుమా దగ్గర ఈ పనికి శంకుస్థాపన చేశారు. తర్వాత లైనును చాంద్రాయణగుట్ట దాకా, ఏడున్నర కిలోమీటర్లకు పెంచుతామన్నారు. 2025 జనవరిలో, ఆస్తులు పోయేవాళ్లకు నష్టపరిహారం చెక్కులివ్వడం మొదలైంది. తాతల నాటి దుకాణాలు వదులుకున్నవాళ్లు రైలు వస్తుందన్న నమ్మకంతోనే వదులుకున్నారు.

అందుకే అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా స్టేషన్లు ఒక్కొక్కటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తవుతాయో తేదీలతో బోర్డు పెట్టండి. తెలుగులో, ఉర్దూలో రాయించండి. ఇరుకు సందుల్లో తిరగగల చిన్న బస్సులు ఎంజీబీఎస్ నుంచి శాలిబండ, లాల్‌దర్వాజ మోడ్ మీదుగా ఫలక్‌నుమాకు రాత్రి ఆఖరి మెట్రో వచ్చేదాకా నడపండి. యాకుత్‌పురా, ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల స్టేషన్లు ఎలాగూ ఉన్నాయి, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అటు రైళ్లు పెంచండి. మెట్రో వచ్చేలోపు ఈ రెండూ చేయవచ్చు. బస్సు పడితే పక్కింటి పిల్ల మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటానంటోంది.

— ఒక పాఠకుడు, లాల్‌దర్వాజ, హైదరాబాద్