అష్టాచమ్మా పెట్టెలో ఇకపై గవ్వలు ఉండవు

మా దగ్గర అష్టాచమ్మా పెట్టె కొన్నవాళ్లకీ, కొనబోతున్నవాళ్లకీ చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇకపై పెట్టెలో గవ్వలు రావు, చింతగింజలు వస్తాయి. గుడ్డ మీద కుట్టిన 25 గడుల పటం అదే, ఏటికొప్పాక అంకుడు కర్ర కాయలు 16 అవే, ధర మాత్రం 40 రూపాయలు తగ్గుతుంది. ఇంతవరకూ తెలిస్తే చాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కాకపోతే చిక్కడపల్లి కొట్టు దాకా వచ్చి "గవ్వలు లేని అష్టాచమ్మా ఏంటన్నా" అని నిలదీసే పాత కస్టమర్లు కొందరున్నారు, మిగతాదంతా వాళ్ల కోసం.

దసరా తర్వాత వచ్చిన సరుకులో తేడా ఉంది. మొదట ఫోన్ చేసినావిడ ఫిర్యాదు కూడా చెయ్యలేదు, నవ్వుతూ "మీ గవ్వలు మా అత్తగారి పార్టీ అండీ, ఆవిడ ఎప్పుడేసినా అష్టే" అంది. నేనూ నవ్వాను. తర్వాత అల్వాల్ నుంచి ఒక పెద్దాయన చేశారు, ఆయన నవ్వలేదు. "నా చిన్నప్పట్నుంచీ ఆడుతున్న బాబూ, ఇన్ని అష్టలు నా జన్మలో చూళ్లేదు" అన్నారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, నాలుగూ బోర్లా పడితే అష్ట, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మ. అటూ ఇటూ సమానంగా పడేవయితే పదహారు సార్లు వేస్తే సగటున ఒక అష్ట, ఒక చమ్మ రావాలి. నిజం గవ్వలు అంత లెక్కగా పడవు, ఒక్కోదానికి ఒక్కో గుణం ఉంటుంది, ఆ మాత్రం తేడా ఉంటేనే ఆటకి అందం. ఇవి మాత్రం ఎలా విసిరినా బోర్లాయే.

ఒక ప్యాకెట్ విప్పి కౌంటర్ మీద తెల్ల కాగితం పరిచి పోశాను. చూస్తే ఒక గవ్వ వీపు మీద ఎడమ పక్కన చిన్న గోధుమరంగు మచ్చ. పక్కదాని మీదా అక్కడే, అంతే మచ్చ. దాని పక్కదాని మీదా అంతే. సముద్రం ఇలా అచ్చు పోసి పంపదు కదా. సూది కాల్చి గుచ్చితే లోపలికి మెత్తగా దిగింది, ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టింది.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. పేరు చెప్పను, చెప్తే ఆయనకి గిరాకీ పెంచినవాణ్ణి అవుతాను. మేం పెట్టె మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆయన దగ్గరే తీసుకున్నాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు, వరదలొచ్చి లారీ ఆగిపోయినప్పుడు కూడా ఒక్క మాట అనలేదు. అలాంటిది ఆయన ఏమన్నాడో తెలుసా? "ఇప్పుడు అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్, షోకేసులో పెడితే తేడా తెలీదు." షోకేసులో పెట్టుకోడానికి ఎవరు కొంటున్నారు స్వామీ? మనవళ్లతో కూర్చుని ఆడుకోడానికి కొంటున్నారు. రేటు తగ్గిస్తానన్నాడు, అక్కర్లేదన్నాను. అడ్వాన్స్ ఇంకా తిరిగి రాలేదు, రాకపోయినా ఆయన గుమ్మం తొక్కను. తక్కువ ధరకి ప్లాస్టిక్ అని చెప్పి అమ్మి ఉంటే నాకే కోపమూ ఉండేది కాదు. నిజం గవ్వల రేటు తీసుకుని ఇవి పంపాడు, అదీ నా కడుపుమంట.

బేగంబజార్ అంతా తిరిగాను. దొరికినవి దండలకి కుట్టే చిన్న గవ్వలు, వీపున చిల్లులు పెట్టినవి. ఇంకో దుకాణంలో పాచికలు పెట్టుకోమన్నారు. పాచికలేసి ఆడేది లూడో, అష్టాచమ్మా కాదు. ముందు సంక్రాంతి, పక్కనే నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ సీజన్. అప్పటికి మిగిలింది ఒకటే దారి, చింతగింజలు. గింజని సగం చేసి ఒక పక్క గరుకు రాయి మీద అరగదీస్తే తెల్లగా వస్తుంది, రెండో పక్క నున్నగా ముదురు గోధుమరంగులో ఉంటుంది. తెలంగాణలో ఎన్ని ఇళ్లల్లో ఇలా ఆడారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా ఇది తేల్చుకోడానికి నాకు చాలా రాత్రులు పట్టింది, మా అక్క వల్ల.

మా ఇంట్లో నాది గవ్వల పార్టీ, అక్కది గింజల పార్టీ. నానమ్మ రామేశ్వరం నుంచి తెచ్చిన నాలుగు గవ్వలు నాకిచ్చింది, అక్క వాటిని ముట్టుకోనని ఒట్టేసి, చింతపండు కొట్టేటప్పుడు ఏరుకున్న గింజలు గచ్చు మీద రుద్ది తయారు చేసుకునేది. నా గవ్వలు ఘనమైనవని నేను, తన చేతిపని ఘనమైనదని తను. పెళ్లిళ్లయ్యాక ఆ గొడవ మర్చిపోయాం. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలకి ఏమీ తోచక చాక్‌పీసుతో గచ్చు మీద గడులు గీస్తే మళ్లీ లేచింది. ఒక్క కాయనైనా కొట్టకుండా లోపలి వరసలోకి వెళ్లకూడదని నేను, మన ఇంట్లో ఆ రూలే లేదని తను. ఆ పోట్లాటలోంచే ఈ పెట్టె పుట్టింది, పెట్టుబడిలో సగం అక్కదే. అప్పుడు గవ్వలే ఉండాలని పట్టుబట్టి గెలిచింది నేను.

కాబట్టి ఇప్పుడు గింజలు పెడదామని నా నోటితో నేనే వెళ్లి అడగాలి. అడిగాను. అక్క టీ చల్లారిందాకా తాగి, "గవ్వలు గవ్వలని ఎగిరినవ్ గదరా" అంది. ఊరికే ఒప్పుకోదట, ముందు ఒక ఆట ఆడాలట, గింజలతోనే. ఆ ఆట ఎవరు గెలిచారన్నది వ్యాపారానికి సంబంధించిన విషయం కాదు కాబట్టి ఇక్కడ రాయను.

గింజలు అక్క ఇంట్లోనే తయారవుతున్నాయి. అరగదీసినవి నలుగురైదుగురు చేతుల్లో వేసి చూశాకే ప్యాకెట్‌లోకి వెళ్తాయి, ఒకే పక్క పడేవి పక్కన పెట్టేస్తాం. తడి తగిలితే ఉబ్బుతాయి, డబ్బాలో పెట్టుకోండి. దసరా తర్వాత కొన్నవాళ్లు మీ గవ్వల మచ్చలు ఒకసారి చూసుకోండి. నాలుగింటికీ ఒకేలా ఉంటే ఫోన్ చెయ్యండి, గింజలు పంపి 40 రూపాయలు తిరిగిస్తాను, కొరియర్ ఖర్చు నాదే. నిజం గవ్వలు నా చేత్తో చూసి కొన్న రోజున విడిగా అమ్ముతాను, ఆ విషయంలో ఎవరేమన్నా వినను.

ఇంకొకటి. ప్యాకెట్ మీద "అక్క గింజలు" అని అచ్చు వేయించాలని ఇంట్లో ఒత్తిడి నడుస్తోంది. ప్రస్తుతానికి "చింతగింజలు, 4" అనే ఉంటుంది.