స్పీకర్ గారూ, మా ఎమ్మెల్యే సభలో ఏం అడిగారో మా ఊరికి తెలియనివ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ గారికి,

నమస్కారం. నేను సత్తెనపల్లి ప్రాంతంలో సాగర్ కుడి కాలువ కింద సాగు చేసుకునే రైతును. వావిలాల గోపాలకృష్ణయ్య గారిని 1952 నుంచి వరుసగా 4 సార్లు గెలిపించుకున్న నియోజకవర్గం మాది. నందికొండ దగ్గర ప్రాజెక్టు, అంటే ఇప్పటి నాగార్జునసాగర్, కట్టాలని పోరాడినవాళ్లలో ఆయన ఒకరు. ఈరోజు నా చేలో పారే నీళ్లలో ఆయన కష్టం కూడా ఉంది.

మంచి ఎమ్మెల్యేల గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు ముందుగా గుర్తొచ్చేది వాళ్ల నిరాడంబరత. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారి సైకిలు, ఇల్లందు నుంచి 5 సార్లు గెలిచినా బస్సుల్లో, రైళ్లలోనే తిరిగిన గుమ్మడి నర్సయ్య గారి చేతిసంచీ. అవి చెప్పుకోవాల్సినవే. కానీ వాళ్లు సభలో లేచి నిలబడి ఏం అడిగారు, ఏ సమస్య మీద మంత్రిని వదలకుండా పట్టుకున్నారు అంటే మనలో ఎంతమంది చెప్పగలం? సైకిలు గుర్తుంది. ప్రశ్న గుర్తులేదు. నా బాధంతా ఇదే.

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. నా చిన్నప్పుడు పెద్ద కాలువ నుంచి మా పొలాలకు నీళ్లు తెచ్చే చిన్న కాలువ (మైనరు కాలువ) పూడిపోయి, చివరి పొలాలకు రెండేళ్లు చుక్క నీరు రాలేదు. నాన్న అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయి, చివరికి అప్పటి ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లారు. ఆయన మూడో రోజు పొద్దున్నే వచ్చారు. కాఫీ ఇస్తామన్నా ఆగకుండా నాన్నను వెంటబెట్టుకుని నేరుగా కాలువ దగ్గరికి నడిచారు. పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగి, నాన్న చేతిలోని ముల్లుకర్రను పూడికలో గుచ్చారు. పైకి తీసి, బురద అంటినంత మేరా జానతో కొలిచారు. మూడు జానల పైనే. జేబులోంచి చీటీ తీసి ఆ కొలత రాసుకున్నారు. నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. ఆ బురద కాళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

తర్వాత సభలో ప్రశ్న వేశారు. వచ్చిన జవాబు "పరిశీలనలో ఉంది" అని. నాన్న నీరుగారిపోతే, "సభలో చెప్పిన మాట రికార్డులో ఉంటుందయ్యా, దాన్ని పట్టుకుని మళ్లీ అడుగుతా" అన్నారట. అడిగారు కూడా. ఆ మరుసటి ఎండాకాలం పూడిక తీసే మనుషులు వచ్చారు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. పెళ్లిళ్లకు రాడు, చావులకు రాడు అన్నారు మా ఊళ్లో. కాలువ బాగుపడింది ఆయన అడిగినందుకేనని నాలుగైదు ఇళ్లవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. తప్పంతా జనానిదే అని నేను అనను. పెళ్లి పందిట్లో ఎమ్మెల్యే కనబడతారు, సభలో కనబడరు. కనబడినదాన్ని బట్టే మేం లెక్కేసుకుంటాం. ఈ లెక్క తెలిసిన కొత్త ఎమ్మెల్యే కాగితాలు చదువుతూ కూర్చుంటారా, రోజుకు పది ఊళ్లు తిరిగి దండలు వేయించుకుంటారా? మీరే చెప్పండి.

నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. మంత్రులు ఇచ్చిన మాట ఎంతవరకు వచ్చిందో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఇంత ఏర్పాటు ఉన్నా, మా కాలువ మీద వేసిన ప్రశ్న మా కాలువ దాకా రావడం లేదు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ప్రతిసారీ సభా సమావేశాలు ముగిశాక, ఒక్కో నియోజకవర్గం ఎమ్మెల్యే వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, పాత హామీల్లో ఏది ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద అచ్చువేయించి అక్కడి ప్రతి గ్రామ సచివాలయానికీ పంపించండి. ఏమీ అడగకపోతే అడగలేదనే రాయండి. ఏ పార్టీ వారైనా సరే. మంత్రులైన వాళ్లు ప్రశ్నలు వేయరు కాబట్టి, వాళ్లు ఇచ్చిన హామీలు రాయండి. అంతా తెలుగులో ఉండాలి, అదీ మా అమ్మ చదివితే అర్థమయ్యే తెలుగులో. మన రాష్ట్రంలో అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు మా వావిలాల వారే. ఆయన ఊరి నుంచి ఇంతమాత్రం అడిగే హక్కు మాకు ఉందనుకుంటున్నాను.

మా సచివాలయంలో నోటీసు బోర్డు గుమ్మం పక్కనే ఉంది. పైన పింఛన్ల జాబితా అంటించారు. దాని కింద ఒక కాగితం పట్టేంత జాగా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
సత్తెనపల్లి నియోజకవర్గ ఓటరు, చివరి ఆయకట్టు రైతు